అత్తమ్మ చేసిన పెళ్లి

నా మొదటి భర్త జ్వరంతో పోయేనాటికి మా పెళ్లై రెండేళ్లు కూడా నిండలేదు. ఆయనకు తోబుట్టువులు లేరు. నెక్కొండ ఇంట్లో నేనూ అత్తమ్మా మిగిలాం. మా అన్న నన్ను పుట్టింటికి తీసుకుపోదామని వచ్చాడు.

"పో బిడ్డా, వయసున్నదానివి," అంది అత్తమ్మ.

"నేను పోను. నిన్నిడిసి యాడికీ పోను. ఇది నా మాట," అన్నాను.

బైబిల్లో రూతు తన అత్త నయోమికి ఇచ్చిన మాట కూడా ఇలాంటిదేనని ఆ తర్వాత చర్చిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నిజానికి అప్పుడు నాకు రూతు గుర్తుకే రాలేదు. ఆ ముసలామెను ఒంటరిగా వదిలి బండెక్కడానికి కాళ్లు రాలేదు, అంతే.

డెబ్బైల చివర్లో కాశిబుగ్గలో టీచరుద్యోగం దొరికింది. మగ్గాల చప్పుడు వినిపించే సందులో రెండు గదులు తీసుకుని అత్తమ్మను తెచ్చుకున్నాను. మేం వెళ్లే చర్చిలో ఒకాయన హార్మోనియం వాయించేవాడు. సుబేదారిలో ఏదో ఆఫీసులో గుమాస్తా. నన్ను చేసుకుంటానని ఆయన పాస్టరుగారితో అన్నాడట. పాస్టరుగారు ఇంటికి వచ్చి అడిగితే, "అత్తమ్మకు మాటిచ్చిన. తప్పలేను," అన్నాను.

పాస్టరుగారు వాదించలేదు. "జలప్రళయం అయినంక దేవుడు నోవహుకిచ్చిన మాటలో, ఆ నిబంధనలో, ఎవరెవరున్నరో జర మళ్లొకసారి చదువమ్మా," అని వెళ్లిపోయారు.

చదివాను. నోవహు ఒక్కడే కాదు, అతని పిల్లలు, పుట్టబోయేవాళ్లు, చివరికి పక్షులు, పశువులు కూడా ఉన్నాయి. అబ్రాహాముకు ఇచ్చిన మాట దగ్గరికి వచ్చేసరికి లోకంలోని వంశాలన్నీ వచ్చి చేరాయి. అప్పటిదాకా మాట ఇవ్వడమంటే తలుపు గడియ వేసుకోవడమే అనుకున్నాను. దేవుడు ఎవరితో నిబంధన చేసినా ఆ మనిషి ఇల్లు ఇరుకు కాలేదు, పెద్దదైంది.

ఈ సంగతి చెబితే చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తమ్మ చేట పక్కన పెట్టింది. "నువ్విచ్చిన మాట నాకు తోడుండెటందుకు బిడ్డా. నువ్వు ఒంటిగుండెటందుకు గాదు. ఆ పిలగాన్ని రమ్మను, నేను జూస్త."

ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి చాపమీద బిగుసుకుని కూర్చున్నాడు. నేను దాపరికం లేకుండా చెప్పేశాను: "నేను వస్తే అత్తమ్మ కూడా వస్తది. ఇష్టమైతేనే."

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది," అన్నాడాయన తల వంచుకుని. "మీరు రాకున్నా సరే, అత్తమ్మను మాత్రం పంపించుండ్రి."

అత్తమ్మ పడీపడీ నవ్వింది. కొడుకు పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి.

పెళ్లినాడు చర్చి నిండిపోయింది. వధువును ఎవరు అప్పగిస్తున్నారని పాస్టరుగారు అడిగారు. మా అన్న గొంతు సవరించుకునేలోపే అత్తమ్మ కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ముందుకొచ్చి నా చెయ్యి పెళ్లికొడుకు చేతిలో పెట్టింది.

"నేనే ఇస్తున్నయ్యా. ఇచ్చి, నేను గూడ ఎంబడి పోతున్న!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మా అన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తర్వాత మా ముగ్గురిదీ ఒకే ఇల్లు. మరుసటేడు పాప పుట్టింది. తొలి స్నానం పోసింది అత్తమ్మే. చూడవచ్చినవాళ్లలో ఒకామె పాప తండ్రిని చూపించి, "ఈయన నీకేమైతడు?" అని అడిగింది.

"నా కోడలి పెనిమిటి నాకేమైతడే? కొడుకే గదా!" అని, అత్తమ్మ పాపకు సాంబ్రాణి పొగ వేయడానికి నిప్పులు తెమ్మని ఆ కొడుకునే పురమాయించింది.