తెర అంచున నా వేళ్లు

వేలంపాటకు పాత ఫోటోలు ఏరుకోవడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఈ రోజు నరసరావుపేటలోని మా ఇంటికి వచ్చింది. మా ఆయన నలభై ఏళ్లు ఫోటోలు తీశాడు. ఆయన పోయాక ఆ ఫోటోల పెట్టెలు నేను తెరవలేదు. చెదలు పట్టాయేమో, ఒక్కటీ పనికిరాదంటుందేమో అని పొద్దున్నుంచి ఒకటే గాభరా.

ఆ అమ్మాయి అన్నీ తిరగేసి, అడుగున విడిగా కట్టిన కవరు ఒకటి తీసింది. అందులో ప్రతి ఫోటోకీ అంచున నా వేళ్లున్నాయి. ఊళ్లమ్మట తిరిగి ఫోటోలు తీసేటప్పుడు మనుషుల వెనక తెరగా నల్లగుడ్డ పట్టుకుని నిలబడేది నేనే.

"అయ్యి చెడిపోయినయ్ అమ్మా. వేళ్లు పడ్డయ్యని ఆయన చానా కసిరేవాడు" అన్నాను.

"ఇటు చూడండి పెద్దమ్మా. అన్నిటి వెనకా 'అంచు కోయవద్దు' అని రాసుకున్నారు. వేలంలో ముందు వీటినే పెడదాం" అంది.

చూస్తే ఆయన రాతే. "తక్కినయ్యన్నీ తీసకపో తల్లీ. ఇయ్యి మాత్రం ఇయ్యను" అన్నాను. అన్నీ ఇస్తానని పిలిచి మాట మార్చానని ఆ అమ్మాయి ఏమనుకుందోనని ఇప్పుడు అదొక దిగులు.

సాయంత్రం నుంచి వాటిని ముందేసుకుని కూర్చున్నాను. కోయవద్దని ఎందుకు రాశావయ్యా అని అడుగుదామంటే మనిషి లేడు. మీ ఇంట్లో అస్తమానం కసిరే మనిషి ఉంటే, ఏం దాచాడో ఇప్పుడే అడగండి. అడిగి నాకూ చెప్పండి.