పథ్యం లేని మందు

ఆ రోజుల్లో సైన్సు మీద నాకున్నంత నమ్మకం మా అమ్మకి దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అప్పుడే పాసయ్యాను. ఏ విషయమైనా రుజువు చేస్తే తప్ప ఒప్పుకోకూడదని ఇంట్లో అందరితో పేచీ పెట్టుకునే వయసు. (చారులో ఇంగువ వేస్తే అరుగుదల బాగుంటుందని అమ్మ అంటే, "ఏ స్టడీలో ఉంది?" అని అడిగి గరిటె దెబ్బ తప్పించుకున్నాను.) శామీర్‌పేట వైపు అద్దాల మేడల్లో వెలిసిన పెద్ద పెద్ద రీసెర్చి కంపెనీలన్నిటికీ దరఖాస్తులు పెట్టాను. ఒక్కళ్ళూ పిలవలేదు. ఆఖరికి జీడిమెట్లలో, రంగుల ఫ్యాక్టరీకీ రేకు డబ్బాల ఫ్యాక్టరీకీ మధ్య ఇరుక్కున్న మూలికల మందుల కంపెనీ ఒకటి పిలిచి 'రీసెర్చి ఆఫీసర్' అనే ఉద్యోగం ఇచ్చింది. ఆ కంపెనీలో రీసెర్చీ నేనే, ఆఫీసరూ నేనే, ఫోను మోగితే ఎత్తేదీ నేనే. మా నాన్నకి ఇది మొదటినుంచీ నచ్చలేదు. "ఆర్నెల్లలో పర్మనెంటు చేస్తే సరే. లేదా నోరు మూసుకుని బ్యాంకు కోచింగులో చేరతావు" అని షరతు పెట్టారు. లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ వణుకు. కాబట్టి ఆ ఆర్నెల్లూ నాకు ప్రాణం మీదికొచ్చినట్టే ఉండేది.

మా యజమానిని కంపెనీలో అందరూ చాటుగా 'చూర్ణం గారు' అనేవారు. తెల్ల సఫారీ, నుదుట గంధం, వేళ్ళకి ఎన్ని పడితే అన్ని ఉంగరాలు. ఆయన మోకాళ్ళ నొప్పులకి ఒక గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, తయారు చేయించారు. డీలర్లేమో "స్టడీ ఏమైనా ఉందా అండీ?" అని అడగడం మొదలుపెట్టారట. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మాయ్, మనకీ ఒక కంపారిటివ్ స్టడీ కావాలి. డీలర్ల మీటింగు లోపల అయిపోవాలి. మనది గెలవాలి" అన్నారు. ఆ చివరి ముక్క విన్నప్పుడే నేను లేచి వచ్చేసి ఉండాల్సింది. కానీ ఉత్సాహం కదా, తెల్ల బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. జనాన్ని రెండు గుంపులు చేయాలి సార్, ఒక గుంపుకి మన మాత్ర, రెండో గుంపుకి చూడ్డానికి అచ్చం అలాగే ఉండి లోపల ఉత్త బియ్యప్పిండి ఉన్న మాత్ర, ఎవరికి ఏది వెళ్ళాలో చీటీలు వేసి తేల్చాలి, అప్పుడే రెండు గుంపులూ సమానంగా ఉంటాయి అన్నాను.

"చీటీలా? ఇదేమన్నా మీ కాలనీ చీటీపాట అనుకున్నావా?" అన్నారు చూర్ణం గారు. ఉంగరాలు తిప్పుకుంటూ కాసేపు ఆలోచించారు. "మీరుండే మచ్చ బొల్లారం కాలనీలో అంతా మనవైపు వాళ్ళే, నెల జీతాల వాళ్ళు. రేపు డబ్బులు పెట్టి కొనేది వాళ్ళే. వాళ్ళకి అసలుది ఇద్దాం. అది ఎ గ్రూపు. మన వ్యాను డ్రైవరుది మేడ్చల్ దగ్గర అత్వెల్లి. అక్కడి వాళ్ళకి పిండిది ఇద్దాం. బి గ్రూపు. కొనని వాళ్ళకి అసలుది పంచి దండగ చేసుకోవడం ఎందుకు చెప్పు?" అన్నారు. ఇంత తేటగా ఆలోచించే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అది స్టడీ అనిపించుకోదని చెబుదామని నోరు తెరిచాను. బ్యాంకు కోచింగు గుర్తొచ్చి మూశాను.

మా కాలనీలో మాత్రలు పంచడం చాలా సులువైపోయింది. ఉచితంగా వస్తున్న మందు కావడంతో మోకాళ్ళు బాగున్నవాళ్ళు కూడా కుంటుకుంటూ వచ్చారు. పక్కింటి రైల్వే అంకుల్ ఈ మాత్రని తన హోమియో గుళికలతో, అల్లుడు పంపిన చేపనూనె మాత్రలతో కలిపి ఒకే గుక్కలో మింగేవారు. "ఏదో ఒకటి పని చేస్తుంది కదమ్మా" అని ఆయన సిద్ధాంతం. మా అమ్మ తన వాటాలో సగం తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకి కొరియర్ చేసింది. పట్టుకుని అడిగితే, "అక్కకి నాకంటే ఎక్కువ నొప్పే. నేనొక్కదాన్నే ఎలా మింగను?" అని నా మీదే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పైగా మందు వాడుతున్నామన్న ధీమా ఒకటి వచ్చి కూర్చుంది కాలనీలో. పొద్దున్నే పార్కు చుట్టూ తిరిగే ఆడవాళ్ళు మానేశారు. "మందు వేసుకుంటున్నాం కదే, ఇంక నడవడం ఎందుకు?" అంది అమ్మ, రెండో ముద్దలో కూడా ఆవకాయ కలుపుకుంటూ.

అత్వెల్లిలో కథ వేరు. డ్రైవరు వాళ్ళ నాయనమ్మే అక్కడ పెద్దదిక్కు. ఊరంతా అవ్వ అనే పిలుస్తారు. నేనూ అదే అన్నాను. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉండేది. మాటకి మాత్రం వీధి చివర కుక్కలు కూడా తోక ముడిచేవి. నేను మాత్రల కవర్లు బయటికి తీయగానే అందరూ అవ్వ మొహం చూశారు. అవ్వ ఒక గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"పత్తెమేంది బిడ్డా?"

"పథ్యమేమీ లేదవ్వా. మామూలుగా అన్నీ తినొచ్చు."

"పత్తెం లేని మందు యాడన్న ఉంటదా? నిన్ను గా కంపెనోళ్లు మోసం జేస్తున్నరు."

(ఆ క్షణంలో ఆవిడ ఎంత నిజం పలికిందో ఆవిడకి తెలియదు, నాకు తెలుసు.) స్టడీకని ముందే రాసి పెట్టుకున్న పద్ధతి మధ్యలో మార్చకూడదు కాబట్టి, నిజంగానే పథ్యం లేదని మళ్ళీ చెప్పాను. అవ్వ నన్ను వదిలేసి జనం వైపు తిరిగింది. "గీ పిల్లకు ఎర్క లేదు గని, నేను జెప్తున్న ఇనుండ్రి. వంకాయ బంద్. తొక్కులు బంద్. పొద్దుమీకి ఏడింటికి టీవీ బంద్. గా యేళకు అందరు నాతోని చెరువుకట్ట దాంక నడ్వాలె. నడ్వనోళ్లకు గోలి లేదు." నేను కంగారుగా డ్రైవరు వైపు చూశాను. అతను నా చెవిలో అసలు సంగతి చెప్పాడు. అవ్వకి వంకాయ అంటే అసహ్యం, పచ్చళ్ళు పెట్టే కోడలితో పడదు, కోడళ్ళు ఏడింటి సీరియల్ చూస్తూ అన్నం పెట్టడం మర్చిపోతారని కోపం. ఇక చెరువుకట్ట అవతల కూతురి ఇల్లు. రోజూ వెళ్ళి రావాలని కోరిక, ఒక్కతీ నడవాలంటే చీకటి భయం. ఇలా ఆవిడ ఇంటి తగాదాలన్నీ కలిపి బి గ్రూపుకి పథ్యమై కూర్చున్నాయి.

నొప్పికి పదికి ఎన్ని మార్కులో అడిగి రాసుకోవడం నా పని. మా కాలనీ వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా, ఆరున్నర, ఆరూ ముప్పావు అని చెప్పేవారు. అవ్వ మాత్రం, "నొప్పికి మార్కులేంది? అదేమన్న బడికి పోతాందా?" అని కసిరింది. అయినా వారం వారం వెళ్ళేకొద్దీ నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను. అత్వెల్లిలో గోడ పట్టుకుని లేచేవాళ్ళు గోడ వదిలేశారు. అవ్వ గొంతుక్కూర్చుని బియ్యం ఏరుతోంది. సాయంత్రమైతే చెరువుకట్ట మీద గుంపు గుంపుగా నడక, నవ్వులు. మా కాలనీలోనేమో నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్తగా కడుపుబ్బరం ఒకటి వచ్చింది.

కాగితాలన్నీ చూర్ణం గారి ముందు పెట్టాను. చూసి చూసి, చివరికి చిరునవ్వు నవ్వారు. "ఎ, బి అనేవి ఉత్త అక్షరాలు కదమ్మా. వాటిని ఒకదాని చోట ఒకటి పెడితే సరిపోతుంది. మనం అసలుది బి గ్రూపుకి ఇచ్చాం. అర్థమైందా? మీటింగు అవగానే నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతాను." కాగితాలు సర్దుకుని బయటికి వచ్చేశాను. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నాన్న అప్పటికే కోచింగు సెంటరు కరపత్రం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు.

మీటింగు శామీర్‌పేట చెరువు దగ్గర ఒక రిసార్టులో. జిల్లాల నుంచి డీలర్లు వచ్చారు. అందరి మెడల్లోనూ దండలు, ముందర జీడిపప్పు పళ్ళాలు. చూర్ణం గారు మైకు పట్టుకుని బి గ్రూపు ఘనత వర్ణిస్తున్నారు. నేను గోడవారగా కూర్చుని, నన్నెవరూ ఏమీ అడగకపోతే బాగుండునని మొక్కుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అవ్వ వచ్చింది. వెనక అత్వెల్లి ఆడవాళ్ళందరూ. ముందు రోజు అవ్వ ఫోను చేసి, స్టడీ అయిపోయాక మాత్రలు ఎందుకు ఆపేశారని అడిగితే, సార్ శామీర్‌పేటలో మీటింగులో ఉంటారు, వచ్చాక అడుగుతానని చెప్పాను. వచ్చేదాకా ఆగే రకమా ఆవిడ? మనవడి దగ్గర చోటు కనుక్కుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చేసింది.

"మా గోలీలు ఎందుకు బంద్ జేసిండ్రు సార్? మోకాళ్లు మస్తు సాఫ్ అయినయ్. గిప్పుడు ఆపితే ఎట్ల?" అంది బి అక్షరం ఉన్న కవరు ఊపుతూ.

చూర్ణం గారికి దేవుడే దిగివచ్చినట్టైంది. పరుగున వెళ్ళి అవ్వ చేతికి మైకు ఇచ్చారు. డీలర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతా బాగానే ఉండేది, ముందు వరసలో సిద్దిపేట డీలరు లేకపోతే. ఆ ముసలాయన జీవితమంతా మూలికల కొట్టు నడిపిన మనిషి. ఏ పొడి కనిపించినా నాలుక మీద వేసుకోకుండా ఉండలేడు. అవ్వ చేతిలో కవరు తీసుకుని, అడుగున మిగిలిన ఒక గొట్టం విప్పి, పొడి నాలుక మీద రాసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఇది బియ్యపు పిండి గదయ్యా!"

 జీడిపప్పు నములుతున్నవాళ్ళు నమలడం ఆపేశారు. చూర్ణం గారు, "అబ్బే, అది... ఏదో పొరపాటున..." అంటూ నా వైపు చూశారు. ఆ చూపులో నా పర్మనెంటు కాగితం నాకు స్పష్టంగా కనిపించింది. అవ్వ కూడా నా వైపే చూసింది.

"బిడ్డా, నువ్వు జెప్పు. అందుల ఏమున్నది?"

నేను ధైర్యవంతురాలిని కాను. ఆ రోజు కూడా కాను.  కానీ ఆ మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఇంకో మాట నోటికి రాలేదు.

"బియ్యప్పిండే అవ్వా. ఇంకేమీ లేదు."

 అవ్వ మొహం చిన్నబోతుందేమో, ఏడుస్తుందేమో అని భయపడ్డాను. అవ్వ మైకు మూతికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"అందుల ఏం లేకపోతే, మోకాళ్ల నొప్పులు తగ్గించింది నా పత్తెమే గదా!"

హాలు ఘొల్లుమంది. అవ్వ మాత్రం నవ్వలేదు. గెలిచిన సర్పంచిలా నలువైపులా చూసింది. డీలర్లలో సగం మంది ఆవిడ చుట్టూ చేరారు. వంకాయ ఒక్కటేనా, బెండకాయ కూడా మానాలా అని అడిగినవాళ్ళు, జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. బెండకాయకి దోషం లేదని అవ్వ తీర్పు చెప్పింది.

నేను వాళ్ళని ఆటో దాకా సాగనంపడానికి వెళ్ళాను. ఎక్కబోతూ అవ్వ ఆగింది.

"గట్లయితే అసలు మందు ఎవలకిచ్చిండ్రు?"

"మా కాలనీ వాళ్ళకవ్వా."

"మీ అమ్మకు?"

"ఆఁ, మా అమ్మకి కూడా."

"మాకేమో పిండి. మీవోళ్లకేమో అసల్ది." ఆ మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నేల చూపులు చూశాను. అవ్వ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "మరి మీ అమ్మకు తగ్గిందా?"

"లేదవ్వా."

అప్పుడు నవ్వింది అవ్వ. పళ్ళు లేని నోరంతా తెరిచి, ఆటోలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వింది. "వంకాయ మానుమని జెప్పు పిల్లా" అని, ఆటో కదిలాక కూడా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

మర్నాడే నన్ను మాన్పించారు. బ్యాంకు కోచింగులో చేరి, పరీక్ష రాసి, తప్పి, నాన్న నోట మాట రాకుండా చేశాను. తర్వాత ఎలాగో శామీర్‌పేట అద్దాల మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ అక్కడే పని. ఎవరికి ఏ మందు వెళ్ళాలో కంప్యూటరు చీటీలు వేస్తుంది, ఎవరు కొంటారో దానికి తెలియదు. అది నాకు చాలా నచ్చిన విషయం. చూర్ణం గారి మాత్ర కూడా చాలా ఏళ్ళు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఓసారి మేడ్చల్ మందుల షాపులో ఆ డబ్బా కనిపిస్తే విప్పి చూశాను. లోపల మడతపెట్టిన కాగితం మీద 'శాస్త్రీయంగా నిరూపించబడిన పథ్యం' అని ఉంది. వంకాయ, పచ్చళ్ళు నిషేధం. సాయంత్రం ఏడు గంటలకు టీవీ చూడరాదు. అవ్వ పేరు మాత్రం లేదు.

ఈ మధ్య నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. డాక్టరు మా అమ్మాయి వయసు కుర్రది. ఎక్సరేలు చూసి, మాత్రలు రాసి, వాటి మీద జరిగిన స్టడీల గురించి ఎంతో ఓపిగ్గా చెప్పింది. అందులో ఒకటి మా కంపెనీదే. అంతా విని, బ్యాగు సర్దుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. నా ప్రమేయం లేకుండానే నోరు అడిగేసింది.

"పథ్యమేమైనా ఉందా అమ్మా?"

"ఏమీ లేదాంటీ. మామూలుగా అన్నీ తినొచ్చు" అంది, ఒకప్పటి నా గొంతుతోనే. నాకు ఆ మందు మీద నమ్మకం సగం అక్కడే పోయింది. ఇంటికి వచ్చేసరికి గుత్తి వంకాయ కూర ఘుమఘుమలాడుతోంది. నాకది ప్రాణం. గిన్నె మీద మూత పెట్టేసి, ఏడు కొట్టగానే చెప్పులేసుకుని బయటికి నడిచాను.