ఆసిడ్ బాబాయి, నా ఆటోమేటిక్ చార్జరు

ఆ రోజుల్లో డిప్లొమా కాగితం చేతికొచ్చిన కుర్రాడికి రెండు రోగాలు పట్టుకునేవి. ఒకటి, ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ రేడియో వెనక మూత విప్పడం. రెండు, తనకంటే ముందు పుట్టినవాళ్ళెవరికీ ఏమీ తెలియదనుకోవడం. బాపట్లలో మా పెదనాన్న రేడియో నా చేతుల్లో శాశ్వతంగా మూగబోయిన రోజున మొదటి రోగం చెప్పుదెబ్బలతో కుదిరింది. రెండోది కుదరడానికి మాత్రం తెనాలి దాకా వెళ్ళాల్సొచ్చింది.

తెనాలి స్టేషను దగ్గర బ్యాటరీలు చార్జింగు చేసే షాపులో నాకు ఉద్యోగం దొరికింది. రోజూ పాసింజరు బండిలో వెళ్ళి రావడం. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన్ని ఊరంతా ఆసిడ్ బాబాయి అనేవారు. ఆసిడ్ పడీ పడీ ఆయన పంచెలో బట్ట కంటే చిల్లులే ఎక్కువ ఉండేవి. నోట్లో ఎప్పుడూ ఒక చుట్ట, అదీ వెలిగించనిది (బ్యాటరీల దగ్గర నిప్పు పెడితే ఏమవుతుందో ఆయన కనుబొమలు ఒకసారి చూశాయిట). వైరు కొసని అలా తాకించి, నిప్పురవ్వ చూసి, "ఇది బతికుంది, ఇది పోయింది" అని తేల్చేసేవాడు. నాకు అది పరమ అనాగరికంగా కనిపించేది. మీటరు లేకుండా వైద్యమేమిటి?

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వైర్లు తిరగేసి తగిలించి చార్జరు కాల్చేస్తుండేవారు (అందులో రెండుసార్లు నేనే, కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు). అందుకని నెల రోజులు కుస్తీ పట్టి ఆటోమేటిక్ చార్జరు ఒకటి కట్టాను. బ్యాటరీ తగిలిస్తే ఆ బ్యాటరీలోని కరెంటే లోపలున్న రిలేని, అంటే కరెంటుతో కదిలే స్విచ్చుని, లాగుతుంది. టక్కుమంటుంది, పచ్చదీపం వెలుగుతుంది, చార్జింగు మొదలవుతుంది. బ్యాటరీ లేకపోయినా, వైర్లు తిరగబడినా ఎర్రదీపం. ఓనరు గారి కారు బ్యాటరీ మీద పదిసార్లు చూపించాను. పదిసార్లూ టక్కుమంది.

ఓనరు గారు మురిసిపోయారు. "అయితే ఇంకేంటయ్యా! సోమవారం అసలు గిరాకీ మీద చూద్దాం. పనిచేసిందంటే బాబాయిని ఇంటికి పంపించి రెస్టు తీసుకోమందాం" అన్నారు. రెండు గజాల దూరంలో బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోస్తున్న బాబాయి తల ఎత్తలేదు. నాకు పాపం అనిపించలేదు సరికదా, ఆయన కూర్చునే స్టూలు నా టేబులు దగ్గరికి జరిపితే బాగుంటుందనిపించింది. అంత గొప్పవాణ్ణి.

సోమవారం పొద్దున్నే రేపల్లె బండి దిగి మైకు రిక్షా అన్నయ్య వచ్చాడు. కొత్త సినిమా వస్తే రిక్షాలో మైకు పెట్టుకుని ఊరంతా అరిచే మనిషి. "తమ్ముడూ, సాయంత్రం బండికి ఇచ్చెయ్యాల. రేపు పొద్దున బొమ్మ మారుతుంది" అని బ్యాటరీ దించాడు. నేను మహా దర్జాగా క్లిప్పులు తగిలించాను. ఎర్రదీపం.

క్లిప్పులు తుడిచాను. ఎర్రదీపం. స్క్రూలు బిగించాను, డయోడు మార్చాను, మూత విప్పి ఊదాను కూడా. ఎర్రదీపం.

ఓనరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏంటయ్యా, ఇంత బ్యాటరీ కళ్ళెదురుగా కూర్చునుంటే నీ మిషను లేదంటదేంటి?"

"వెరిఫై చేస్తున్నానండి" అన్నాను. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆయన విసుక్కుని కాఫీకి వెళ్ళారు.

అప్పుడు లేచాడు బాబాయి. చుట్ట ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకున్నాడు. "అబ్బాయ్, చచ్చినోణ్ణి బతికే ఉన్నావా అనడిగితే చెయ్యెత్తుతాడా?"

బుర్రలో దీపం అప్పుడు వెలిగింది, పచ్చదే. మన జనం మైకు గొంతు పూర్తిగా పూడుకుపోయేదాకా బ్యాటరీ విప్పరు. షాపుకి వచ్చేవన్నీ ఊపిరిపోయినవే. రిలేని లాగే ఓపిక వాటికెక్కడిది? నేను కట్టింది నిండు ఆరోగ్యవంతులకి మాత్రమే వైద్యం చేసే ఆసుపత్రి.

బాబాయి ఒక మంచి బ్యాటరీ తెచ్చి, రెండు వైర్లతో ఆ పోయినదానికి జోడించాడు. టక్. పచ్చదీపం. ఒక్క నిమిషం ఆగి మంచిదాన్ని తీసేశాడు. దీపం అలాగే నిలిచింది; ఒకసారి లాగితే చాలు, ఆపైన రిలేని చార్జింగు కరెంటే పట్టి ఉంచుతుంది.

సరిగ్గా అప్పుడే ఓనరు గారు వచ్చారు. "పనిచేసిందే!"

"చేసిందండి. అబ్బాయి తెలివైనోడు" అన్నాడు బాబాయి, తన ఉద్యోగం తనే నా చేతిలో పెట్టి.

నిజం చెప్పాలంటే మరమ్మతు ఎలాగో నాకు అప్పటికే తెలిసిపోయింది. పెట్టె మీద ఒక చిన్న బటను పెట్టి, చేత్తో నొక్కి రిలేని లాగిస్తే చాలు. చిన్నపిల్లాడైనా నడుపుతాడు. బాబాయితో పనుండదు. నోరు తెరిచాను. ఆ చిల్లుల పంచె కళ్ళబడింది. సిగ్గేసింది.

"లేదండి. పోయిన బ్యాటరీని ఇది గుర్తుపట్టదు. దాన్ని లేపడం బాబాయికే తెలుసు. ఆయన లేకపోతే ఈ మిషను దండగండి" అన్నాను.

"నెల రోజులు కట్టి ఇదా!" అని ఓనరు గారు నన్ను వారం రోజులు తిట్టారు. రేపల్లె అన్నయ్య సాయంత్రం బండి అందుకున్నాడు. బాబాయి తన స్టూలు మీదే ఉన్నాడు.

నాలుగేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి సెలవు తీసుకుంటుంటే, బాబాయి స్టేషను దాకా వచ్చాడు. బండి కదిలే ముందు కిటికీ దగ్గరికి వంగి, "అబ్బాయ్, ఆ పెట్టెకి ఒక బటను పెడితే సరిపోయేదిగా. ఎందుకు పెట్టలా?" అన్నాడు.

"మర్చిపోయాను బాబాయ్" అన్నాను.

"నాలుగేళ్ళూనా?" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ కళ్ళు సహకరించలేదు.

తర్వాత ఎన్నో మిషన్లు కట్టాను, కొన్ని పనిచేశాయి కూడా. నా సర్వీసు మొత్తంలో తెలిసి వదిలేసిన లోపం అదొక్కటే. తెలియక వదిలినవి ఎన్నో లెక్కపెట్టే ఓపిక ఇప్పుడు నాకు లేదు.