దూడకు దక్కిన పాలు

పిల్లల పెంపకంలో మా పెద్దమ్మకు తెలియనిదంటూ లేదు. మా బంధువుల్లో ఎవరు నీళ్లాడినా రేపల్లె నుంచి మొదటి బస్సుకే దిగేది. ఎవరేం అడ్డు చెప్పబోయినా, "తొమ్మిది మందిని కన్నదాన్ని, నాకు చెప్తావేంటే?" అనేది. ఆ తొమ్మిది మందిలో బతికింది ఐదుగురే. మిగిలిన నలుగురి సంగతి అడిగే ధైర్యం మా ఇళ్లలో ఎవరికీ లేదు.

ఎనభైల్లో నా పెద్దమ్మాయి పుట్టింది, తెనాలి పక్కన నందివెలుగులో, మా అమ్మగారింట్లోనే. పిల్ల ఏడుస్తుంటే రొమ్ముకు పెట్టుకోబోయాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆ పచ్చటి పాలు చెడ్డవే. పిండి పారబొయ్యి. మూడో రోజుదాకా కాస్త ఆముదం, పంచదార నీళ్లు చాలు."

నేను బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే టీచర్ని. ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్ష అని బోర్డు మీద రాసి వల్లె వేయించినదాన్ని. అలాంటిదాన్ని "అలాగే పెద్దమ్మా" అని గిన్నెలోకి పిండి ఇచ్చాను. అమ్మ తీసుకెళ్లి దొడ్లో తూములో పోసింది. చదువుకున్న మొద్దు కంటే చదువుకోని మొద్దే నయం, జీతమైనా తీసుకోదు.

మర్నాడు మా గేదె ఈనింది. పాలు పితికే మనిషి చెంబు పట్టుకుని కూర్చోగానే వసారాలోంచి పెద్దమ్మ కేకేసింది. "ముందు దూడని తాగనియ్యి అబ్బాయ్! ముర్రుపాలు పడకపోతే దూడ నిలబడుద్దా?"

దూడ కడుపునిండా తాగింది. మిగిలినవాటితో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండారు. నాకూ ఓ గిన్నెడు పెట్టారు. సిగ్గు లేకుండా తిన్నాను. పక్కలో నా పిల్ల పంచదార నీళ్లలో ముంచిన గుడ్డ చీకుతోంది.

నాలుగో రోజుకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. వారం రోజులు తెనాలి ఆసుపత్రిలో ఉన్నాం. పెద్దమ్మ మోకాళ్లూని "ప్రభువా, బిడ్డకి దిష్టి తగిలింది" అని ప్రార్థన చేసింది. దేవుడికి దిష్టి గురించి ఫిర్యాదు చేసిన లూథరన్ క్రైస్తవురాలు ఆవిడొక్కతే అయి ఉంటుంది. డాక్టరమ్మ పిల్లకు ఏమేం పోశామో అంతా విని, "నువ్వేం చదువుకున్నావమ్మా?" అని నన్నడిగింది. పిల్ల ఎలాగో దక్కింది.

తొంభైల్లో రెండోవాడు బాపట్లలో పుట్టాడు. పెద్దమ్మ దిగింది, ఆముదం సీసాతో సహా. ఈసారి గంట తిరక్కుండానే వాణ్ణి రొమ్ముకు పెట్టుకున్నాను. తేనె లేదు, ఆముదం లేదు, ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా లేవని చెప్పేశాను. అంతటితో ఊరుకోలేదు. "దూడకు పనికొచ్చిన పాలు నా బిడ్డకు పనికిరాకుండా పోయాయా?" అని నందివెలుగు జున్ను సంగతి ఎత్తి, ఇన్నేళ్లుగా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. హాయిగా ఉంది.

వాడు గుటకలు వేస్తుంటే పెద్దమ్మ వంగి చూసింది.

"అయితే ఆ నలుగురికీ కూడా నేనే పారబోశానంటావా, అమ్మాయ్?"

"లేదులే పెద్దమ్మా, అప్పటి జబ్బులు వేరు" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. ఆముదం సీసా తీసి మళ్లీ సంచిలో పెట్టుకుంది.