చిన్న బండీ, లారీ బుర్రా

నా చిన్నప్పుడు పక్కింటి అక్క కొన్న చిన్న మోటారు సైకిలు సాలూరు ఘాట్ ఎక్కలేక చతికిలబడిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మొన్న మా మేనల్లుడు బండి కొన్నప్పుడూ అదే కథ చెప్పారు. వాడేమో ఫోనులో వీడియోలు చూసి, అన్నిటికన్నా చవకది కొని, ఎనభై దాటితే వణుకుతోందని ఏడుస్తున్నాడు. వణకదూ మరి? ఇక ఆ కథ సంగతంటారా, శుద్ధ అబద్ధం. ఆ రోజు ఆ బండి మీద నేనున్నాను.

అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది, ఆ కాంపౌండులోనే బండి నడపడమూ నేర్చుకుంది. ఘాట్ పైన ఒక ఊళ్లో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే అటు వెళ్లే బస్సు లేదు. బడిపంతులైన వాళ్ల నాన్న ఒకటే షరతు పెట్టారు. బండి ఘాట్ ఎక్కితే ఉద్యోగం, లేదంటే ఇంట్లో కూర్చోవడం. ఎక్కించి చూసే పని మాత్రం అక్కకి కాదు, మా మావయ్యకి అప్పగించారు. లారీ డ్రైవరు కదా, చక్రమున్న ప్రతిదానికీ తనే పెద్దననుకునేవాడు.

ఆయన ముందు కూర్చున్నాడు. వెనక అక్క, మధ్యలో నేను. అది చాలక, ఘాట్ పైనున్న ఎవరో స్నేహితుడికి ఇవ్వాలని బస్తాడు ఉల్లిపాయలు రెండు మూటలు చేసి చెరోపక్కా కట్టాడు. మూడో మలుపులో బండి ఆగింది. ఇంజను కాలిపోతోంది. ఘాట్‌లో లారీ వేడెక్కితే రేడియేటర్లో నీళ్లు పోస్తారు. మా మేధావి పక్కన పారుతున్న గెడ్డలో డబ్బా ముంచుకొచ్చి, ఆ నీళ్లు ఎక్కడ పోయాలో బండి చుట్టూ తిరిగి వెతికాడు. చివరికి కాలుతున్న ఇంజను మీదే పోయబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"దీనికి నీల్లెందుకు మావయ్యా? గాలి తగిల్తే సాలు. నువ్వూ నీ మూటలూ దిగండి."

"ఒసే, నాకే సెప్తన్నావేటి? ఇది బండేటి, బొమ్మ. అమ్మెయ్."

అక్క మూటలు విప్పి రోడ్డు పక్కన పెట్టింది. ఇంజను చల్లారేదాకా కూర్చుంది. తర్వాత నన్నొక్కదాన్నే ఎక్కించుకుని, తక్కువ గేరులో, ఎద్దుబండి నడకలా పోనిచ్చింది. లారీలు హారను కొడితే పక్కకి తప్పుకుంది.

"సిన్న బండే. పరిగెత్తమనకూడదు, లారీలా మొయ్యమనకూడదు. తీసికెల్లమంటే తీసికెల్తాది," అంది. తీసుకెళ్లింది.

మేం దిగి వచ్చేసరికి మలుపులో మూటలూ లేవు, మావయ్యా లేడు. ఏదో లారీ పట్టుకుని ముందే వీధికి చేరి, బండి ఎక్కలేదని పంతులుగారికి చెప్పేశాడు. అక్క వాళ్లింటి ముందు బండి ఆపింది. పంతులుగారు నావైపు చూశారు. నోరు మూసుకోమని మా అమ్మ కళ్లతోనే చెబుతోంది. బండి పైదాకా ఎక్కింది, మధ్యలో దిగింది మావయ్యా ఉల్లిపాయలూ అన్నాను. అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. అక్క మాత్రం ఆ సోమవారం ఉద్యోగంలో చేరింది.

అప్పట్నుంచీ ఎవరైనా ఒక బండినో మనిషినో పనికిరాదని తీసిపారేస్తే, దాని నెత్తిన ఏమెక్కించారని అడుగుతాను. అలా అడిగీ అడిగీ చాలా ఇళ్లలో చెడ్డపేరు తెచ్చుకున్నాను. అయినా ఒక్కదానికి నాకింకా జవాబు దొరకలేదు. కింద బండి రొప్పుతోంది, ఎదురుగా కొండ కనిపిస్తోంది. దిగి నాలుగడుగులు నడవడానికి ఆ మగమహారాజుకి ఏం అడ్డొచ్చింది?