టైలరమ్మ చేతిమీద మాసిక

మరిగే నూనె పడి టైలరమ్మ కుడిచేయి కాలింది. తొడమీంచి పల్చగా చర్మం తీసి అక్కడ అతికించారు. అది పట్టుకుంటేనే ఆ చేయి మళ్లీ మిషను మీదికి వెళ్లేది. కిందినుంచి దానికి రక్తం అందేదాకా, ఐదు రోజులు కట్టు కదపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ముప్పై ఏళ్లుగా మాసికలు వేసిన మనిషాయె! మూడోనాడు మనసాగక, కట్టు ఎత్తి ఎడమచేత్తో అంచు పట్టి లాగి చూసింది.

“అది గుడ్డ కాదు వదినా, నీ ఒళ్లు!” ఆడపడుచు నెత్తి కొట్టుకుంది.

“కుట్టు నిలిచిందో లేదో చూసుకోవద్దూ?”

ఐదోనాడు కట్టు విప్పారు. లాగిన మూల గోరంత నల్లబడింది. మిగతాదంతా గులాబీరంగులో అతుక్కుంది.

“ఈ మూల మెల్లగా అదే మానుతుంది. ఇంకోసారి ముట్టుకున్నారంటే ఊరుకోను,” అంది డాక్టరమ్మ.

టైలరమ్మ ఎడమచేతిని వీపు వెనక దాచుకుంది.