దీపం పెట్టాకే సూది

ఆరేళ్లుగా నా మాట ఎవరూ వినిపించుకోలేదు. దొంగతనంగా తీపి తినలేదని ఇంట్లో చెప్పాను, దవాఖానలో చెప్పాను. అందరూ నవ్వి ఊరుకున్నారు. అందుకే రాస్తున్నాను.

నాంపల్లిలో నేనూ మా అక్కా మేడమీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నాకు పెళ్లి కాలేదు. బావ పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. నాకు షుగర్ అని తెలిసిన వారంలోనే వేలి నెత్తుటి చుక్కతో షుగర్ చూసే మిషిన్ కొనిపించింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడితో బేరమాడి, సగం ఖాళీగా ఉన్న ఎవరిదో డైరీ పట్టుకొచ్చింది.

"నీ షుగర్ రాయనీకి గిది చాలు తీయ్," అంది.

పొద్దున్నే సూదికి ఆమె ఒక నియమం పెట్టింది. దీపం పెట్టకముందు ఇంట్లో నెత్తురు కళ్లపడకూడదు. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె దీపం వెలిగించేది. ఆమె వేళ్లకు వాతం. అందుకని బెల్లం ముక్క విరిచి నైవేద్యం గిన్నెలో పెట్టే పని నాది. హారతి అయ్యాక తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని వేలు చాపేవాణ్ణి. ఆమె సూది గుచ్చి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, అంకె పైకి చదివి డైరీలో రాసేది. అంతసేపూ నా వేలు ఆమె చేతిలోనే ఉండేది. చిన్నప్పుడు నా కాలిలో ముల్లు తీసిన చెయ్యే అది.

అంకె మాత్రం రెండు వందలు దిగేది కాదు. ల్యాబ్‌లో చూస్తే బాగానే ఉండేది. స్టేషన్ వెనక దవాఖానలో డాక్టర్ ల్యాబ్ కాగితం చూశాడు, అక్క చదివిన అంకెలు విన్నాడు. డైరీ మాత్రం ముట్టుకోలేదు.

"ల్యాబ్‌కు వచ్చేముందు నోరు కట్టుకుంటున్నట్టున్నవ్, పెద్దమనిషీ. ఇంట్ల మాత్రం మంచిగ నడుస్తున్నది!"

బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. వాళ్లలో నీలం స్వెటర్ వేసుకున్న ఒకాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ కదరా," అంది అక్క, మెట్లు దిగుతూ.

"నేను తినలేదక్కా."

"మరి మిషిన్ అబద్ధం చెప్తదా?"

ఆ రోజే ఇంట్లో ఉన్న బాలుషాల మిఠాయి డబ్బా బీరువాలోకి పోయింది. తాళంచెవి ఆమె కొంగుకు చేరింది.

తర్వాత మా చిన్నాన్న పోయాడు. పది రోజులు మైల. దీపం లేదు, నైవేద్యం లేదు, కాబట్టి నియమమూ లేదు. లేచి ముఖం కడుక్కోగానే వేలు చాపేవాణ్ణి. ఆ పది రోజులూ అంకె నూట ముప్పై దాటలేదు.

"చూసినవా, దుఃఖంల తీపి మీదికి మనసు పోలే," అంది అక్క.

నా తరఫున దొరికిన ఒక్క సాక్ష్యాన్నీ నా మీదికే తిప్పింది.

పోయినేడు మోకాళ్లు మెట్లెక్కనివ్వక, కాచిగూడలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఒంటరిగా కూర్చుని ఒక రోజు డైరీ తిరగేశాను. ఆ పది అంకెల పక్కన వంకర అక్షరాలతో 'మైల' అని రాసి ఉంది. అది చూడగానే బెల్లం గుర్తొచ్చింది. మర్నాడు సబ్బుతో చెయ్యి కడుక్కుని చూసుకున్నాను, నూట ఇరవై ఆరు. వెంటనే బెల్లం విరిచి, తువ్వాలుకు తుడుచుకుని మళ్లీ గుచ్చుకున్నాను, రెండు వందల పంతొమ్మిది. మూడు రోజులు అలాగే చేశాను. నోట్లోకి పోని బెల్లం వేలికి అంటుకుని నన్ను దొంగను చేసింది.

డాక్టర్‌కు చెప్పాను. "చేతులు కడుక్కోవాలె కద, తెల్వదా?" అన్నాడు ఫోన్ చూసుకుంటూ. ఆ రోజు నలుగురి ముందు అన్న మాట ఆయనకు గుర్తే లేదు.

డైరీ సంచిలో పెట్టుకుని కాచిగూడ వెళ్లి, అక్కకు బెల్లం సంగతి చెప్పాను. అక్క అన్ని పేజీలూ తిప్పింది. 'మైల' అన్న తన రాత మీద వేలు పెట్టి చూసి, డైరీ మూసి నా చేతికిచ్చింది.

"పోనీ తీయ్ రా తమ్మీ, ఇప్పుడు మంచిగున్నది కద. చాయ్ తాగుతవా? చక్కెర డబ్బా దిక్కు మాత్రం చూడకు!"

నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు సూది నేనే గుచ్చుకుంటున్నాను. అంకె బాగుంటోంది. పైకి చదివేవాళ్లే లేరు. అక్కా, నేను చాయ్ కోసం రాలేదు. వచ్చే ఆదివారం ఇదే డైరీతో మళ్లీ వస్తాను. నేను తిన్నానా, తినలేదా? ఒక్క మాట చెప్పు.